ఇది వార్లీ కాదు! మన కొండల మీది సవర బొమ్మ

వార్లీ కాదు. వార్లీ కాదు. వార్లీ కాదు! ఈ వీడియో అయ్యేలోపు ఇంకో పదిసార్లు చెప్తాను, వినండి.

నమస్తే అండి. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, అటు పాతపట్నం, ఎక్కడి నుంచి చూస్తున్నా అందరికీ నమస్తే. పోయిన వారం పెట్టిన ఆ గోడ వీడియో మీరు చూసే ఉంటారు. మన ఊళ్లో మెయిన్ రోడ్డు పక్క గోడకి ఎర్ర రంగు కొట్టించి, తెల్ల బొమ్మలు వేయించి, కింద "వార్లీ ఆర్ట్" అని మనిషంత అక్షరాలతో రాయించారు. ఆ బొమ్మల్లో సగం మన కొండల మీది గిరిజనులు, సవరలవి. బొమ్మ మనది, పేరు మహారాష్ట్రలో ఉండే వార్లీ గిరిజనులది. నేను కోప్పడితే చాలామంది అన్న మాట ఒకటే. "రెండూ ఒకటే కదా అన్నా, ఎర్ర గోడ మీద తెల్ల పుల్లల మనుషులు. ఏ పేరైతే ఏం?"

ఆ మాటకి నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

వార్లీ వాళ్లు ఉండేది ముంబైకి ఉత్తరాన, పాల్ఘర్, డహాణు వైపు. మన సవరలు తూర్పు కనుమల్లో, ఒడిశాలోని పుట్టాసింగి కొండల మీద. మధ్యలో వెయ్యి కిలోమీటర్లకు పైనే ఉంది. పోనీ భాషలకైనా చుట్టరికం ఉందా? వార్లీ మాట మరాఠీకి దగ్గర. సవర మాట ముండా భాషల్లోది, దాని దూరపు చుట్టాలు ఎక్కడున్నారో తెలుసా? కాంబోడియాలో, వియత్నాంలో! సంతలో మన పక్కన కూచుని చింతపండు అమ్మే అవ్వ మాట్లాడే భాషకి సముద్రం అవతల చుట్టాలున్నారు. ఇది తెలిసిన రోజు నేను సంతలో అలా నిలబడిపోయాను.

సరే, బొమ్మలోకి వద్దాం. తెర మీద ఎడమ పక్క చూడండి. ఇది వార్లీ. మనిషి ఒళ్లంటే రెండు త్రిభుజాలు, మొనకి మొన ఆనించి, డమరుకం నిలబెట్టినట్టు. ఆడా మగా చూడగానే తెలిసిపోతుంది. ఇప్పుడు కుడి పక్క. సవర బొమ్మ. ఒళ్లు పొడుగ్గా సాగింది, నడుం దగ్గర ఆ పదును లేదు, ఆడెవరో మగెవరో పోల్చుకోవడం కష్టం. వేసే తీరు కూడా వేరు. సవర బొమ్మ అంచుతో మొదలవుతుంది. ముందు చుట్టూ గడి గీసుకుని, అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. వల అల్లినట్టుంటుంది. ఒక్కసారి ఇది కంటికి పట్టిందంటే ఇంక జన్మలో పొరబడరు. వెళ్లి ఆ గోడ మళ్లీ చూడండి, నేను చెప్పేది అబద్ధమైతే నన్ను అడగండి.

కానీ నా కోపం త్రిభుజాల గురించి కాదు. ఆ గడి ఉంది చూశారా, ఆ నలుచదరం? మనం దాన్ని బొమ్మకి ఫ్రేమ్ అనుకుంటాం. అది ఇల్లు! ఇలా ఇల్లు కట్టిన గోడ బొమ్మని సవరలు ఇడితాల్ అంటారు. ఇంట్లో ఒకరికి జబ్బు చేసింది, తగ్గట్లేదు. పంట దెబ్బతింది. పోయిన తాత కలలోకి వచ్చాడు. అప్పుడు కుడాన్‌ని పిలుస్తారు, అంటే దేవతలతో, పోయినవాళ్లతో మాట్లాడే పెద్ద. ఏ సోనుం అడుగుతోందో, అంటే ఏ దేవత, ఏ పెద్దల ఆత్మ అడుగుతోందో ఆయన చెప్తాడు. ఆ సోనుంకి ఇంటి లోపలి గోడ మీద ఇల్లు కడతారు. ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి నీళ్లు, కొస నలగ్గొట్టిన పుల్ల. అంతే సామాను. లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు, గుర్రం మీద గొడుగుతో వెళ్లే మనిషి, ఆడేవాళ్లు, పాడేవాళ్లు. కాలం మారితే సైకిళ్లు దిగాయి, విమానాలు దిగాయి. ఎందుకు దిగవు? బతికున్నవాడికి సైకిల్ కావాలంటే పోయినవాడికి అక్కర్లేదా?

ఆ తర్వాతి ముచ్చట నాకు ప్రాణం. బొమ్మ అయ్యాక కుడాన్ ఆ సోనుంని పిలుస్తాడు, ఇదిగో నీ ఇల్లు, చూసుకో అని. గృహప్రవేశం రోజున మన చుట్టాలు గది గదీ తిరిగి వంకలు పెడతారు చూశారా, అలాగే సోనుం కూడా వంక పెట్టొచ్చు. ఏదో తక్కువైందంటే అది కలుపుతారు. గిరిజనుల జీవితం మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ ఈ కొండలన్నీ తిరిగి ఇలాంటి బొమ్మల నకళ్లు, వాటి వెనక సంగతులు రాసిపెట్టాడు. 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. ఇంగ్లాండు నుంచి వచ్చినాయన! మనమేమో బస్సెక్కితే గంటల్లో వెళ్లే దూరంలో ఉన్నాం.

మరి వార్లీ పేరు అంత పెద్దది ఎలా అయింది? నా థియరీ చెప్తాను, ఒప్పుకోకపోతే వాదించండి. వార్లీకి ఒక మనిషి దొరికాడు. జివ్యా సోమా మషే. అంతకుముందు అవి పెళ్లిళ్లప్పుడు ముత్తైదువలు గోడ మీద వేసే బొమ్మలు. ఆయన 1970లలో వాటిని కాగితం మీదకి తెచ్చాడు, తన చుట్టూ ఉన్న ఊరంతా అందులోకి తెచ్చాడు. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2018లో పోయాడు. ఆయన చేపల వల గీసిన బొమ్మ చూడండి ఎప్పుడైనా, గీత గీతకీ వల కదులుతుంది. ఆయనకి నేను దండం పెడతాను. నా గొడవ ఆయనతో కాదు.

సవర బొమ్మకి అలాంటి పేరు ఎందుకు రాలేదు? సంతకం లేదు కాబట్టి. ఇల్లు కట్టించుకున్నది సోనుం, మేస్త్రీ పేరు గోడ మీద రాయరు కదా! పైగా అది చీకటి గదిలో ఉంటుంది, ముందు కుండలు వేలాడుతుంటాయి, దారిన పోయేవాడికి కనపడదు. సంతకం లేని బొమ్మ దొరికేసరికి అమ్ముకునేవాళ్లు తమకి తెలిసిన పేరు తగిలించేశారు. కుర్తా మీద వార్లీ, కాఫీ కప్పు మీద వార్లీ. మా చెల్లి పెళ్లికి కొన్న చీర అంచులో గొడుగు పట్టుకున్న గుర్రం రౌతు ఉన్నాడు, షాపులో అతను వార్లీ అనే చెప్పాడు. 2024 జనవరిలో లాంజియా సవర (సవరల్లో ఒక తెగ) చిత్రకళకి ఒడిశా నుంచి జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఇది ఫలానా చోటిదే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు. అధికారికంగా పేరొచ్చాక కూడా, ఆ కొండల కిందే ఉన్న మన ఊరి గోడ మీద వార్లీ అని రాశారంటే ఏమనాలి?

ఇంకో మాట. కొంచెం చేదుగా ఉంటుంది. తప్పు మన తెలుగువాళ్లది కూడా. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తాం, తెలుగు భాషా దినోత్సవం అంటాం. ఆయన పర్లాకిమిడిలో బడి పంతులు. సవర మాట్లాడేవాళ్లని ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. సవర పిల్లలకి బళ్లు పెట్టారు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషికి ఆ పట్టుదల ఎక్కడిదంటే, సవరల దగ్గర కూచుని వినడంలోంచి వచ్చిందని నా గట్టి నమ్మకం. నోటి మాటకి ఎంత విలువుందో అక్కడే కనిపించింది ఆయనకి. అదే ఊళ్ల వాళ్లం మనం. సవర మాటలు నాలుగు చెప్పమంటే మనలో ఎంతమందికి వచ్చు? నాకు వచ్చినవి సంతలో బేరానికి సరిపడా, అంతే.

మొన్న మంగళవారం ఆ గోడ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని సంతకి వెళ్లాను. కొండ మీది నుంచి వచ్చిన ఒక తాతకి చూపించాను. చాలాసేపు చూశాడు. వేలితో పెద్దది చేసి చూశాడు. తర్వాత ఒకే మాట అడిగాడు. "ఇది ఎవరిది?" వేసినవాడి పేరు అడుగుతున్నాడనుకున్నాను. కాదు. ఏ సోనుంకి కట్టిన ఇల్లు అని అడుగుతున్నాడు. "రోడ్డు అందంగా ఉండడానికి వేశారు తాతా" అన్నాను. ఫోన్ నా చేతికి ఇచ్చేసి మూట సర్దుకున్నాడు.

నేను ఆ గోడ చెరిపేయమనట్లేదు. వేసిన కుర్రాళ్ల చెయ్యి బాగుంది. పేరు మార్చమంటున్నాను. అర్జీ రాశాను, ఒడియాలో, తెలుగులో. మూడోది సవర భాషలో, 1936లో మంగేయ్ గొమాంగో తెచ్చిన సొరంగ్ సొంపెంగ్ లిపిలో ఉండాలని నా పట్టు. ఆ లిపి రాయడం వచ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఈ రాత్రికే నాకు చెప్పండి. సోమవారం పొద్దున్నే ఇచ్చి వస్తాను, ఆ గోడ ముందు నిలబడే తర్వాతి వీడియో తీస్తాను.