కైలాసగిరి ఎక్కుతుంటే పెదనాన్న అంబాసిడర్ ఎందుకు పేలుతోంది? | వైజాగ్ వ్లాగ్

అందరికీ నమస్తే. ఈసారి మిషిగన్ నుంచి కాదు, మన వైజాగ్ నుంచే. మెల్‌బోర్న్‌లో మా తమ్ముడు, డల్లాస్‌లో మా చిన్నక్క ఒకటే పోరు, "పెదనాన్న కారు ఎలా ఉందో వీడియో తియ్యవే" అని. అందుకే ఈ రోజు బీచ్ లేదు, షాపింగ్ లేదు, మొత్తం కారే.

1972 అంబాసిడర్ మార్క్ 2. 1489 సీసీ ఇంజన్, నాలుగు సిలిండర్లు. సెల్ఫ్ తీసుకోకపోతే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పినా స్టార్టవుతుంది. పెదనాన్న షిప్‌యార్డ్‌లో చేస్తున్నప్పటి నుంచీ ఇంట్లోనే ఉంది. మా ముగ్గురికీ స్టీరింగ్ పట్టుకోవడం వచ్చింది దీని మీదే.

ఇప్పుడు దానికి ఒంట్లో బాగాలేదు. చినవాల్తేరులో ఇంటి ముందు స్టార్ట్ చేస్తే చక్కగా నడుస్తుంది. అప్పూఘర్ దాకా ఏ గొడవా లేదు. కైలాసగిరి ఘాట్ మొదలయ్యాక సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కామా, పికప్ మొత్తం పడిపోతుంది, జర్కులు కొడుతుంది, వెనక సైలెన్సర్‌లోంచి ఢామ్మని పేలుతుంది. సాయంత్రం నడకకి వచ్చిన వాళ్ళు ఉలిక్కిపడి పక్కకి జరిగారు పాపం. కాసేపు ఆపి చల్లబడనిస్తే మళ్ళీ మామూలే.

ఇంటికొచ్చాక తలా ఒక మాట. బావ కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది) మార్చేద్దామన్నాడు. పెదనాన్నకి అనుమానం పెట్రోల్ మీద. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20లో 20 శాతం ఇథనాల్ కదా, పాత బండికి పడట్లేదంటారు. అది కొట్టిపారేసే మాటేమీ కాదు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలని పాడు చేస్తుంది, గాలి, పెట్రోల్ పాళ్ళు కూడా మారతాయి.

ఇదే అమెరికాలో అయితే ఏమవుతుందో చెప్తాను. మిషిగన్‌లో మేముండే నోవై ఊళ్ళో నేను వెళ్ళే గ్యారేజీలో కౌంటర్ దగ్గర తాళాలు ఇచ్చేసి, వెయిటింగ్ రూంలో కాఫీ తాగుతూ కూర్చోవాలి. కారు దగ్గరికి రానివ్వరు, ఇన్సూరెన్స్ ఒప్పుకోదంటారు. అక్కడ 1996 నుంచి అమ్మే ప్రతి కారుకీ స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉండాలి. మెకానిక్ దానికి స్కానర్ తగిలిస్తాడు, కారులో కంప్యూటర్ ఒక నంబరు చూపిస్తుంది. పీ0300 అని వస్తే, ఒక్క సిలిండర్‌లోనే అని కాకుండా ఇష్టమొచ్చినట్టు మిస్ కొడుతోందని, అంటే పెట్రోల్ సరిగ్గా అంటుకోవట్లేదని అర్థం. పని గంటకి 150 డాలర్లు, అంటే 13 వేల రూపాయల పైనే. జబ్బేంటో కనుక్కోవడానికే ఒక గంట బిల్లు వేస్తారు.

అంబాసిడర్‌కి ఆ సాకెట్ ఎక్కడిది? చెవులే స్కానర్. కంచరపాలెంలో పెదనాన్న ఎప్పుడూ తీసుకెళ్ళే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన బానెట్ తియ్యకుండానే మొదటి ప్రశ్న వేశారు. "ముందు పేల్తందా, ఎనక పేల్తందా అమ్మా?"

అసలు సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ముందు, అంటే కార్బొరేటర్‌లోంచి పేలితే సాధారణంగా పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైనట్టు, లేదా గాలి, పెట్రోల్ లోపలికి వెళ్ళే ఇన్లెట్ వాల్వు సరిగ్గా మూసుకోనట్టు, లేదా టైమింగ్, అంటే నిప్పు పుట్టాల్సిన క్షణం, తప్పినట్టు. వెనక పేలిందంటే సిలిండర్‌లో కాలాల్సిన పెట్రోల్ కాలకుండా బయటికి పోయి, వేడి సైలెన్సర్‌లో అంటుకుంటోందన్నమాట. కాలాల్సిన చోట కాలకపోతే బండికి బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే పేలుడూ, పికప్ పోవడమూ జంటగా వస్తాయి.

"సల్లగున్న బండిని సూస్తే ఏటి లాభం" అని ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపించారు. తర్వాత కార్బొరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టమన్నారు. ధార బాగానే వచ్చింది. పైపు మాత్రం వేలితో వంచితే పగుళ్ళు కనిపించాయి, అది మార్చాల్సిందే. కార్బొరేటర్ లోపలి పిస్టన్ వేలితో లేపి వదిలితే టక్కుమని కిందికి పడింది, ఎక్కడా పట్టెయ్యలేదు. సిలిండర్‌లో నిప్పు పుట్టించే ప్లగ్గులు విప్పితే నాలుగూ మసి పట్టి నల్లగా ఉన్నాయి. ఈ20 వల్ల గాలి పాళ్ళు ఎక్కువై ఉంటే తెల్లగా పాలిపోయేవి. కాబట్టి ఈసారికి ఈ20 మీద కేసు కొట్టేశారు.

ప్లగ్గులు బిగించి, ఇంజన్ ఆన్‌లో ఉండగా కటింగ్ ప్లేయర్‌తో వైర్లు ఒక్కొక్కటీ పీకి పెడుతూ చెవి ఒగ్గి విన్నారు. ఏది పీకినా ఇంజన్ ఒకేలా కుంటింది. అంటే ఒక్క సిలిండర్ జబ్బు కాదు, ఒక్క వాల్వూ కాదు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో దెబ్బతింది. ప్లగ్గులకి కరెంటు పుట్టించే కాయిల్, దాన్ని పంచే రోటర్, కాయిల్ కరెంటుని ఆపడానికి తెరుచుకునే పాయింట్లు, వాటికి తోడుగా ఉండే కండెన్సర్, వీటిలో ఒకటి.

ఇక్కడి నుంచి వీడియో జాగ్రత్తగా చూడండి. రోటర్, పాయింట్లు ఉండే డిస్ట్రిబ్యూటర్ మూత తీశారు. పాయింట్లలో ఒకదాని మీద చిన్న గుంట, రెండోదాని మీద అంతే బొడిపె. బాబాయ్ షట్టర్ సగం దించి చీకటి చేసి, స్క్రూడ్రైవర్‌తో పాయింట్లు తెరిచి మూశారు. తెరిచినప్పుడల్లా వాటి మధ్య లావుపాటి నిప్పురవ్వ! కాయిల్ వైరు ఇంజన్‌కి దగ్గరగా పట్టుకుంటే మాత్రం పసుపు రంగులో నీరసంగా వచ్చింది. అప్పుడు డబ్బాలోంచి ఇంకో కండెన్సర్ తీసి, బిగించకుండానే ఒక వైరుతో తగిలించారు. పాయింట్ల దగ్గర మెరుపు దాదాపు పోయింది. కాయిల్ వైరు నుంచి నీలంగా, చిటుక్కుమంటూ దూకింది. "కరెంటు దారిలోనే పోతంది, ప్లగ్గుకి నేదు" అన్నారాయన.

పాయింట్లు తెరుచుకోగానే కాయిల్‌లో కరెంటు ఠక్కున ఆగాలి, అప్పుడే ప్లగ్గుకి గట్టి నిప్పు పుడుతుంది. ఆ క్షణంలో పాయింట్ల మీదికి దూకబోయే కరెంటుని కండెన్సర్ తనలోకి తీసుకోవాలి. ఇది వేడెక్కితే ఆ పని మానేస్తోంది. మరి ఇంటి ముందు ఎందుకు బాగుంది? ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంటే, సిలిండర్‌లో ఒత్తిడి తక్కువ, నీరసపు నిప్పు సరిపోతుంది. ఘాట్‌లో తొక్కితే ఒత్తిడి పెరుగుతుంది, ఆ నిప్పు దూకలేదు.

బావ అడిగాడు, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేస్తే ఈ బాధ ఉండదు కదా అని. నిజమే. కానీ కారు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలని పెదనాన్న కోరిక, నాదీ అదే.

మా డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచి ఏటా ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. రోడ్డు పొడవునా కుర్చీలు వేసుకుని జనం. మేమూ వెళ్తాం. తాతలూ మనవలూ తమ ఇంటి కారులో పోతుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. మా వాడు "మన కారు ఏది?" అనడిగితే ఫోన్‌లో ఈ అంబాసిడర్ ఫొటో చూపించాను. అంత జనంలో దాని పేరు తెలిసిన మనిషి నేనొక్కదాన్నే అనిపించింది. ఈ రోజు షెడ్డులో దీని చుట్టూ ఆరేడుగురు మూగి తలా ఒక సలహా ఇస్తుంటే నాకు కడుపు నిండిపోయింది.

కొత్త పాయింట్లు, కండెన్సర్ వేసి, పాయింట్ల మధ్య గ్యాప్ 15 థౌకి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టి, పాయింట్లు తెరుచుకునే క్షణం తెలియడానికి బల్బు తగిలించి టైమింగ్ సరిచేశారు. గ్యాప్ మారితే టైమింగ్ కూడా జరుగుతుంది కాబట్టి అది తప్పదు. పెట్రోల్ పైపుతో, కూలీతో కలిపి 1,400 రూపాయలు.

మళ్ళీ కైలాసగిరి ఎక్కాం. సెకండ్‌లో ఒక్క జర్కు లేదు, పేలుడు లేదు. పైన పెదనాన్న బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. 50 ఏళ్ళు దాటిన బండికి 20 వేలు కడితే వీఏ అని వింటేజ్ నంబరు ఇస్తారు, చేయిద్దామా అనడిగాను. రోజూ వాడుకోవడానికి వీల్లేదని తెలియగానే వద్దన్నారు. "ఎగ్జిబిషన్‌లో పెట్టుకోడానికా అమ్మలూ కొన్నది? రేపు పొద్దున్నే రైతు బజారుకెళ్ళాలి, మీ పెద్దమ్మ చీటీ రాసి పెట్టింది."