క్లాంపు తీసే పది నిమిషాలు

అందరికీ నమస్కారం. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ మెట్రో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒక గుండెను చేరవేసింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అవయవం కోసం పరుగు పెడితే అది వార్త. ఈరోజు నేను చెప్పబోయేది ఊపిరితిత్తుల మార్పిడి గురించి, పరుగు ముగిశాక ఆపరేషన్ థియేటర్లో జరిగే దాని గురించి.

రక్తం ఆగితే అవయవం దెబ్బతింటుందని అందరికీ తెలుసు. ఆగిన రక్తం తిరిగి పారినప్పుడు ఇంకా దెబ్బ తగులుతుందంటేనే ఓ పట్టాన నమ్మరు. ఊపిరితిత్తి సంగతి మరీ విచిత్రం. గాలి నింపి దాస్తాం కనుక లోపల ఆక్సిజన్‌కు కొదవ ఉండదు. అయినా రక్తనాళాల లోపలి పొర, తనను ఒరుసుకుంటూ పోయే ప్రవాహం ఆగిందని పసిగట్టేస్తుంది. అప్పుడే ఫ్రీ రాడికల్స్, అంటే కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు, పుట్టడం మొదలు. రక్తం రాగానే తెల్లకణాలు ఆ పొరకు అతుక్కుంటాయి, పొర కారుతుంది, గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. మార్పిడి జరిగిన 72 గంటల్లోపు ఇది ముదిరితే ప్రైమరీ గ్రాఫ్ట్ డిస్‌ఫంక్షన్, అంటే కొత్త అవయవం మొదట్లోనే సరిగా పనిచేయకపోవడం, అంటాం. తొలి రోజుల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా దీనివల్లే.

కాపాడే పని దాత దగ్గరే మొదలవుతుంది. ఒకప్పుడు పొటాషియం ఎక్కువున్న యూరో-కాలిన్స్ ద్రావణం వాడేవారు. దాంతో రక్తనాళాలు బిగుసుకుపోయేవి. ఇప్పుడు పొటాషియం తక్కువగా ఉండి, డెక్స్‌ట్రాన్ అనే చక్కెర జాతి పదార్థం కలిసిన ద్రావణంతో ముందు ధమని వైపు నుంచి, తర్వాత సిరల వైపు నుంచి వెనక్కి కడుగుతాం. అలా వెనక్కి కడిగేటప్పుడు చిన్న చిన్న రక్తపు గడ్డలు బయటపడటం కంటికే కనిపిస్తుంది. దాచడానికి ఐస్ పెట్టె, 4 డిగ్రీలు అన్నది పాత అలవాటు. 10 డిగ్రీల దగ్గర మైటోకాండ్రియా (కణాలకు శక్తినిచ్చే భాగాలు) మెరుగ్గా ఉంటాయని టొరంటో బృందం చూపించింది. అలా ఎక్కువసేపు దాచగలగడంతో అర్ధరాత్రి ఆపరేషన్‌ను తెల్లారేదాకా ఆపుకునే వీలు దొరికింది. నిద్ర చాలని సర్జన్లకు ఇది చిన్న లాభమేమీ కాదు.

ఇక కుట్లు వేయడం పూర్తయ్యాక క్లాంపు, అంటే ఊపిరితిత్తి ధమనిని నొక్కి రక్తాన్ని ఆపి ఉంచిన పట్టుకారు. ఒక్కసారిగా తీసేయం. కొంచెం వదులు చేసి, లోపలున్న గాలీ ద్రావణమూ గుండె ఎడమ కర్ణిక (పై గది) దగ్గరి కుట్టులోంచి బయటికి పోనిచ్చి, అప్పుడు ముడి బిగిస్తాం. ఆ తర్వాత సుమారు పది నిమిషాల పాటు ధమనిలో ఒత్తిడి పెరగకుండా మెల్లమెల్లగా తెరుస్తాం. వెంటిలేటర్ మీద ఆక్సిజన్ వీలైనంత తక్కువ, ఊపిరి చిన్నది. హడావుడి అంబులెన్స్ డ్రైవర్‌కు ఉండాలి, మాకు కాదు.

ఊపిరితిత్తుల రక్తనాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ మీద చాలా ఆశలుండేవి. ముందుగా ఇచ్చినంత మాత్రాన గాయం ఆగదని 2003లో వెలువడిన పరీక్షలో తేలింది. సిలిండర్ మాత్రం సిద్ధంగానే ఉంటుంది, ధమని ఒత్తిడి పెరిగితే తెరవడానికి.