గోడంత టీవీ, మాటల్లేని ఇల్లు

తమ్ముడు: అక్కా, అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత రే బ్రాడ్‌బరీ 1951 కథ ‘ది పెడెస్ట్రియన్’ చదివినప్పటి నుంచి మనసు అదోలా ఉంది.

అక్క: ముందు వినేవాళ్లకు కథ చెప్పు.

తమ్ముడు: 2053వ సంవత్సరం. ముప్పై లక్షల మంది ఉన్న నగరం. చీకటి పడితే అందరూ టీవీల ముందే. లియొనార్డ్ మీడ్ ఒక్కడే వీధుల్లో నడుస్తాడు. పదేళ్లలో నడిచే మనిషి ఇంకొకరు ఎదురుపడలేదు. ఊరికంతా మిగిలిన ఒకే ఒక్క పోలీసు కారు ఆయన్ను ఆపుతుంది. రచయితనంటే ‘ఏ పనీ లేదు’ అని రాసుకుంటుంది. ఇంట్లో టీవీ లేదనగానే మానసిక వైద్య కేంద్రానికి తీసుకుపోతుంది.

అక్క: ఆ కారులో మనిషే ఉండడు! నన్ను వణికించింది అదే. లాస్ ఏంజెలెస్‌లో రాత్రి నడుస్తుంటే బ్రాడ్‌బరీని పోలీసులు నిజంగానే ఆపారు, అక్కడ పుట్టిందీ కథ.

తమ్ముడు: సాయంత్రం మన వరంగల్ భద్రకాళి బండ్ మీద జనాన్ని చూస్తే ఆ భయం లేదనిపిస్తుంది.

అక్క: నడుస్తారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో. 1953లో వచ్చిన బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’లో మిల్డ్రెడ్ అనే ఇల్లాలి చెవుల్లోనూ బుల్లి రేడియోలుంటాయి. హాల్లో మూడు గోడలూ టీవీలే. నాలుగోదీ కావాలంటుంది, దాని ఖరీదు భర్త ఏడాది జీతంలో మూడో వంతు. టీవీ నాటకంలో ఒక డైలాగ్ ఆమె కోసం వదిలేస్తారు. అది చెప్పే వంతు రాగానే మురిసిపోతుంది. కథేంటని భర్త అడిగితే పాత్రల పేర్లు తప్ప ఏమీ చెప్పలేదు. ఆమె మీద నాకు కోపం రాదు, జాలేస్తుంది. తననూ ఎవరో పట్టించుకుంటున్నారన్న ఆశ అది.

తమ్ముడు: కానీ టీవీ అంటే మనుషుల్ని విడదీసేదే అంటే ఒప్పుకోను. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ అనే టీవీ ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు వెళ్లాయి, తెలుగులో కూడా. ఊరికి ఒక సెట్టు, దాని ముందు జనమంతా.

అక్క: అలాంటి ఉపగ్రహాల గురించి 1945లోనే రాసిన ఆర్థర్ సి. క్లార్క్ కూడా సైన్స్ ఫిక్షన్ రచయితే. ఆ ప్రసారాలు చూడటానికి కొలంబోలో ఆయన ఇంటికి ఇస్రో డిష్ ఇచ్చింది.

తమ్ముడు: చూశావా మరి!

అక్క: సగం ఒప్పుకుంటా. మిల్డ్రెడ్ ఇంటికీ స్నేహితురాళ్లు వస్తారు, కలిసే చూస్తారు. టీవీ ఆపేస్తే మాత్రం వాళ్లకు మాటలు దొరకవు.

తమ్ముడు: మా ఇంట్లో ఆపితే అమ్మ సీరియల్ మొత్తం చెప్పి, తప్పు అత్తదా కోడలిదా తేల్చమంటుంది. పక్కింటి పిన్ని కూడా వచ్చి కూర్చుంటుంది.

అక్క: అది బ్రాడ్‌బరీ రాయలేదు. వరంగల్ నుంచి ఎవరైనా రాస్తే పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం.