గుండుసూది అతుక్కోలేదు! ఇండక్షన్ బేరింగ్ హీటర్ రెండు నెలలు వాడాక

నమస్కారం అండి. ముందే చెప్పేస్తున్నాను, ఈ హీటర్ నేను కొన్నది కాదు. వాడి చూడమని కంపెనీ వాళ్లు రెండు నెలల కోసం పంపారు. ఎన్ని కిలోవాట్లు, ఎంత సైజు బేరింగ్ పడుతుంది, ఇవన్నీ మీరు బ్రోచర్‌లో చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్లను.

గాజువాక ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న షెడ్డులో షాఫ్ట్ మీదికి బేరింగ్ ఎక్కించాలంటే దాన్ని వేడి చేసి కాస్త వదులు చేయాలి, దానికి రెండే దారులు. డబ్బాలో ఆయిల్ కాచడం, లేదంటే గ్యాస్ మంట పెట్టడం. ఒకరోజు తొందరలో 6320 నంబరు బేరింగ్‌కి మంట పెట్టాను. ఇన్నర్ రేస్, అంటే లోపలి రింగు, ఒక పక్క నీలం తిరిగింది. ఉక్కు నీలం తిరిగిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దగ్గరికి పోయినట్టే. మామూలు బేరింగ్ 120 దాటకూడదు. దాన్నే ఎక్కించేశాం. నెల తిరక్కుండా మోటారు వెనక్కి వచ్చింది. ఆ గరగర శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇప్పుడు ఇటు చూడండి. అదే 6320. బోరు, అంటే మధ్య రంధ్రం, 100 మిల్లీమీటర్లు. హీటర్ యోక్‌కి, అంటే దాని ఇనుప కడ్డీకి తగిలించాను. లోపలున్న కాయిల్ ప్రైమరీ, మన బేరింగే ఒక్క చుట్టు సెకండరీ. ట్రాన్స్‌ఫార్మర్ లాంటిదే అన్నమాట. కరెంటు రేస్‌లోనే పుట్టి రేస్‌నే వేడి చేస్తుంది. పొగ లేదు, మంట లేదు. 110 సెట్ చేశాను. షాపులో 30 ఉందనుకుంటే 80 డిగ్రీలు పెరుగుతుంది, బోరు దాదాపు పదో వంతు మిల్లీమీటరు పెద్దదవుతుంది. షాఫ్ట్ మీదికి సుత్తి లేకుండా జారిపోవడానికి అది చాలు. సీల్ ఉన్న బేరింగైతే మాత్రం 80 దగ్గరే ఆపండి, గ్రీజు, సీలు పాడైపోతాయి.

బీప్ వచ్చింది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇప్పుడు జరిగేదే. వేడి చేయడం అయ్యాక మెషీన్ దానంతట అదే ఫీల్డ్‌ని తగ్గించుకుంటూ వచ్చి బేరింగ్‌లో అయస్కాంత గుణాన్ని తీసేస్తుంది. ఇదిగో గుండుసూది. రేస్‌కి ఆనించాను, వదిలేశాను. కింద పడిపోయింది. ఇదివరకు నా దగ్గర ఒక సెకండ్‌హ్యాండ్ హీటర్ ఉండేది. దాంట్లోంచి తీసిన బేరింగ్‌కి ఇదే సూది నిలువుగా అతుక్కుని ఉండిపోయింది. సూదిని పట్టుకున్నది గ్రీజులోని ఇనుప రజనును పట్టుకోదా? ఆ రజనే రోలింగ్ ఎలిమెంట్ల (లోపల దొర్లే గుండ్ల) కింద పడి రేస్‌ని తినేస్తుంది. రెండు నెలల్లో నేను వేడి చేసిన ప్రతి బేరింగ్‌కీ సూది పెట్టి చూశాను. ఒక్కదానికీ అతుక్కోలేదు.

కోపం తెప్పించింది ప్రోబ్, అదే వేడి ఎంతుందో చూసే సెన్సర్. ఇన్నర్ రేస్ మీద పెట్టాలి, ఎందుకంటే ముందు వేడెక్కేది అదే. కానీ దీని మాగ్నెట్ బలహీనం, వైరు పొట్టి. రెండుసార్లు ఊడి కింద పడింది. ప్రోబ్‌కి చల్లగా తెలుస్తుంటే మెషీన్ కాలుస్తూనే ఉంటుంది కదా! అలారం అర నిమిషానికి గానీ మోగలేదు. అందుకే ప్రోబ్ మీదనుంచి నేను చూపు తిప్పను.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని దగ్గరికి రాకండి. ఉంగరం, వాచీ తీసేయండి. గ్లౌజులు తప్పనిసరి.

ఎక్కించేస్తున్నా... జారిపోయింది. ఇప్పుడు వదలకూడదండీ. చల్లారేటప్పుడు రేస్ వెడల్పు కూడా తగ్గుతుంది, వదిలేస్తే షోల్డర్ దగ్గర, అంటే బేరింగ్ ఆనే షాఫ్ట్ మెట్టు దగ్గర, సందు పడుతుంది. పట్టుకునే చెబుతున్నా: ప్రోబ్ అలా ఉన్నా సరే, నా డబ్బుతో ఇదే మెషీన్ ఆర్డర్ పెట్టేశాను. శాంపిల్ రేపు వెనక్కి వెళ్లిపోతుంది.

చల్లారింది. చెయ్యి తీస్తున్నా. సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో అన్నిటికన్నా పల్చటి ఆకు పెడుతున్నాను, దగ్గరగా చూడండి. ఇటు దూరట్లేదు. అటు కూడా దూరట్లేదు.