సెబూ దినచర్య అనుకున్నాం, నేటాల్‌లో తేలాం

అక్క: శ్రోతలందరికీ నమస్కారం, వందనాలు. మాట ఇచ్చినట్టే ఈ వారం తమ్ముడి సంగతులు. సేవ కోసం పరాయి దేశం వెళ్ళిన కుర్రాడికి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా రోజు ఎలా గడుస్తుంది? చాలామంది ఎప్పటినుంచో అడుగుతున్నారు.

తమ్ముడు: వందనాలు. అక్కా, ముందే ఒక ఒప్పందం. గోంగూర పెట్టె సంగతి ఎత్తకూడదు.

అక్క: నేను ఎత్తను. నెల్లూరు పిన్నిగారు రాస్తే మాత్రం చదువుతాను.

తమ్ముడు: ఆవిడ రాయకుండా ఉంటారా! సరే, మొదలుపెడదాం.

అక్క: ఎన్నింటికి లేచేవారు?

తమ్ముడు: 6.30కి. మా కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, బయటివాళ్ళు మార్మన్లు అంటారు, ఏ దేశమైనా ఇంచుమించు ఇదే పద్ధతి. లేవగానే ప్రార్థన, కాస్త వ్యాయామం, స్నానం, టిఫిను. ఆ తరువాత లేఖనాలు చదవడం, భాష చదువుకోవడం. 10 గంటల ప్రాంతంలో వీధిలోకి రావాలి. రాత్రి 9, 9.30 కల్లా గదికి చేరాలి. 10.30కి పడక. ఊరిని బట్టి, వాతావరణాన్ని బట్టి ఆ వేళలు కొంచెం సర్దుకుంటారు.

అక్క: ఎక్కడికి వెళ్ళినా ఇద్దరే.

తమ్ముడు: ఇద్దరే. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు కదా, ఆ ప్రకారమే. కంపానియన్‌ను, అంటే జంటగా ఉండే తోటి మిషనరీని, మనం ఎంచుకోము. దేశాన్ని కూడా ఎంచుకోము. దరఖాస్తు పెడతాము, పిలుపు వస్తుంది, ఎక్కడికో అందులో ఉంటుంది. అబ్బాయిలకు రెండేళ్ళు, అమ్మాయిలకు ఏడాదిన్నర. నాకు ఫిలిప్పీన్స్ వచ్చింది. ముందు మనీలాలో శిక్షణ, సెబువానో భాష, ఆ పైన సెబూ. ఇక్కడ ఒక మాట చెప్పాలి.

అక్క: వచ్చేసింది.

తమ్ముడు: రానీ. భాషకు వారాల తరబడి శిక్షణ ఉంటుంది. పాఠం ఎలా చెప్పాలో నేర్పుతారు. వంట మాత్రం నేర్పరు. అబ్బాయిలు వెళ్ళే వయసును 2012లో 19 నుంచి 18కి తగ్గించారు. 18 ఏళ్ళ కుర్రాడు అన్నం వండటం రాకుండా సముద్రం దాటుతున్నాడు. ఏ సంఘం పంపినా సరే, పంపే ముందు వాణ్ణి నెల రోజులు వంటింట్లో నిలబెట్టాలి.

అక్క: ఈ మాట హాస్టల్ ఎపిసోడ్‌లో అన్నావు. పెళ్ళి ఎపిసోడ్‌లోనూ అన్నావు.

తమ్ముడు: ఎవరైనా అమలు చేసేదాకా అంటాను.

అక్క: సరే, 10 గంటలకు వీధిలోకి వచ్చారు. తరువాత?

తమ్ముడు: నడక. రోజులో పెద్ద భాగం నడకే. తెల్లచొక్కా, జేబు మీద నల్లటి పేరు పట్టీ. దూరమైతే జీప్నీ, అంటే అక్కడి షేర్ జీపు. అది నాకు ఎంత ఇష్టమో! ఎక్కి కూర్చున్నాక ఛార్జీ డబ్బులు పక్కవారి చేతిలో పెడితే, వారు ఆ పక్కవారికి ఇస్తారు. అలా చేతులు మారి డ్రైవరు దాకా వెళతాయి. చిల్లర మళ్ళీ అదే వరసలో వెనక్కి వస్తుంది. నడుమ ఒక్క పెసో కూడా తగ్గదు. కొత్త దేశంలో నాకు మొదట ధైర్యం ఇచ్చింది ఆ చిల్లరే.

అక్క: అక్కడివాళ్ళు ఎక్కువమంది కాథలిక్కులు కదా. మీరు తలుపు తడితే ఏమనేవారు?

తమ్ముడు: సెబూ అంటే బాల యేసు ఊరు. 1521లో నావికుడు మాగెల్లాన్ ఇచ్చిన ప్రతిమ ఇప్పటికీ అక్కడి బసిలికా చర్చిలో ఉంది. జనవరి మూడో ఆదివారం సినులోగ్ పండుగకు ఊరంతా ఆ స్వామి కోసం నాట్యమాడుతుంది. అంత పాత విశ్వాసం ఉన్నవారి ఇంటికి మేము వేరే సంఘం పేరు చెప్పుకుని వెళ్ళాం. చాలామంది మా పాఠం వద్దన్నారు. కుర్చీ వేయనివారు మాత్రం నాకు దాదాపు ఎదురుకాలేదు. తినే వేళకు వెళితే కలిసి తిందాం రమ్మనేవారు. అన్నం, బువద్. బువద్ అంటే మన ఎండుచేపలే. కొన్నిచోట్ల పూసో, అంటే కొబ్బరాకుతో అల్లిన బుట్టలో ఉడికించిన అన్నం. గుత్తులుగా వేలాడదీసి అమ్ముతారు.

అక్క: నీకు ఇంకేం కావాలి! ఎండుచేపల వాసనకు మేడ దిగి వచ్చేవాడివి.

తమ్ముడు: కాదక్కా, అక్కడే నా బాధ. ఇంట్లో ఉన్న నాలుగు చేపల్లో రెండు మా పళ్ళేల్లోకి వచ్చేవి. పిల్లలు మేము తినేదాకా గుమ్మంలో ఆగేవారు. వద్దంటే ఆ తల్లి చిన్నబుచ్చుకుంటుంది. తింటే నాకు గొంతు దిగదు. అందుకే అంటున్నాను వంట నేర్పాలని. గదిలో కడుపు నిండా తిని బయలుదేరినవాడు ఆ ఇంట్లో ఒక ముద్దతో సరిపెట్టుకోగలడు. ఆకలితో వెళ్ళినవాడు పేదవాడి కుండ ఖాళీ చేస్తాడు.

అక్క: నేను ఒప్పుకోను.

తమ్ముడు: దేనికి?

అక్క: పెట్టింది తినడం కూడా సేవేనంటాను. ఆ తల్లి ఇచ్చే స్థానంలో ఉంది. నువ్వు పాఠం చెబుతావు, ఆమె అన్నం పెడుతుంది. లెక్క సరిపోయింది. ఆమె దగ్గర ఏమీ తీసుకోకపోతే నువ్వు ఎప్పుడూ పైమెట్టు మీదే ఉంటావు. తరువాత దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభకు వెళ్ళి, అంతమంది తెల్ల మిషనరీల ముందు నిలబడి ఏమి అడిగారు? స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. త్యాగాలు చేశారు, ఆస్తులు ఇచ్చారు, అన్నీ ఒప్పుకున్నారు. ఆయన అడిగింది మాత్రం స్నేహం.

తమ్ముడు: స్నేహితుడైతే రోజూ భోజనం వేళకు ఖాళీ చేతులతో వెళ్ళడు. ఒక కిలో బియ్యం పట్టుకుని వెళతాడు.

అక్క: అదీ బాగుంది. అయినా నువ్వు రంగయ్య గారి సంగతి చూడు.

తమ్ముడు: అక్కా, ఈ రోజు దినచర్య.

అక్క: దినచర్యే చెబుతున్నాను. ఆయన గురించి ఇక్కడ ఎంతమందికి తెలుసు అనుకుంటే నాకు కోపం వస్తుంది. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అనగానే గుర్తుపడతారు. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టరమ్మ. బందరులో నోబుల్ కళాశాల. ఒంగోలులో క్లౌ దొరగారి పేరు. వీళ్ళంతా వచ్చినవాళ్ళు. మనలో నుంచి వెళ్ళినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పమంటే ఎవరూ నోరు విప్పరు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మిషనరీగా వెళ్ళారు. పంపింది ఏ అమెరికా సంఘమో కాదు. తెలుగు బాప్టిస్టుల సొంత మిషనరీ సంఘం.

తమ్ముడు: ఆయన నాలాంటి కుర్రాడు కాదు. పెళ్ళాం పిల్లలతో వెళ్ళిన పెద్దమనిషి. మన అంశం యువ మిషనరీ.

అక్క: వయసు పక్కన పెట్టు. ఆయన ఎవరి దగ్గరికి వెళ్ళారో చెప్పనీ. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీలు నేటాల్ వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళే. తమిళులు, మనవాళ్ళు. ఐదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆ పైన ఏటా ఒక షిల్లింగు పెంపు. చెరకు తోటలు, టీ తోటలు. తోట దాటి బయటికి వెళ్ళాలంటే యజమాని చీటీ ఉండాలి. 1895 చట్టంతో ఇంకొకటి వచ్చింది. ఒప్పందం ముగిశాక స్వతంత్రంగా అక్కడే ఉండిపోతే ఏటా 3 పౌండ్ల పన్ను.

తమ్ముడు: నెలకు 10 షిల్లింగులంటే ఏడాదికి 6 పౌండ్లు.

అక్క: మొదటి ఏటి జీతంలో సగం! గాంధీ గారి 1913 సత్యాగ్రహంలో పెద్ద డిమాండు ఆ పన్ను రద్దే. అలాంటి మనుషుల మధ్యకు రంగయ్య గారు వెళ్ళారు. వెళ్ళిన ఏడాదే కియర్స్‌నీలో, హ్యూలెట్ దొర టీ తోటల దగ్గర తెలుగు బాప్టిస్టు సంఘం నిలబెట్టారు. ఇప్పుడు దినచర్య ఆలోచించు. కూలీలకు ఆరు రోజులు పని. మిగిలింది ఆదివారం. అలసిన మనిషికి ఉన్న ఒక్క విశ్రాంతి రోజున వెళ్ళి పక్కన కూర్చోవాలి. వాళ్ళు పెట్టిన రేషను బియ్యపు అన్నం వద్దు, నేను తిని వచ్చాను అనగలరా?

తమ్ముడు: ఆయన ఏమి తిన్నారో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇంట్లో వంట మాత్రం జరిగేది కదా, కుటుంబం ఉంది కాబట్టి. నా వాదన ఇంకా నిలబడే ఉంది.

అక్క: నీ వాదనకు ఆయన భార్య కష్టం ఆధారమా? ఆమెకు ఏ శిక్షణ ఇచ్చారు? ఏ పేరు పట్టీ ఇచ్చారు?

తమ్ముడు: అది సరైన ప్రశ్న. వంట ఆడవాళ్ళ మీద వదిలేస్తే సేవంతా మగవాళ్ళ ఖాతాలో పడుతుంది. అందుకే కుర్రాళ్ళకు నేర్పాలంటున్నాను.

అక్క: ఈ ఒక్క విషయంలో నీతో పూర్తిగా ఉన్నాను.

తమ్ముడు: కానీ ఒకటి విను. ఆయన తెలుగు మాట్లాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. తెలుగులో ప్రార్థన, తెలుగులో పాట. నేను వెళ్ళిన చోట నా భాషలో ఆకలేస్తోంది అని చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. కంపానియన్ మంచివాడే, కానీ వాడికీ అది పరాయి ఊరే. ఏది కష్టం, నువ్వే చెప్పు.

అక్క: నీకు తిరిగి వచ్చే తేదీ ఉంది. ఆయనకు లేదు. 1915లో అక్కడే కన్నుమూశారు.

తమ్ముడు: ...అవును. తేదీ ఉండటం చిన్న సంగతి కాదు. గోడ మీద క్యాలెండరు పెట్టుకోవద్దని నాకు పెద్దవాళ్ళు చెప్పేవారు. రోజులు లెక్కపెడుతూ ఉంటే ఎదురుగా ఉన్న మనిషి కనబడడు.

అక్క: అమ్మ మాత్రం లెక్కపెట్టింది.

తమ్ముడు: తెలుసు.

అక్క: నీకు తెలిసింది సగం. శ్రోతలకు చెప్పాలి, 2019 ఫిబ్రవరికి ముందు వీళ్ళు ఇంటికి ఫోను చేయగలిగేది ఏడాదికి రెండుసార్లు. క్రిస్మస్‌కు, మాతృ దినోత్సవానికి. మిగతాదంతా ఈమెయిలు. ఆ తరువాతే వారం వారం మాట్లాడనిచ్చారు. వీడు సెలవు రోజున, వాళ్ళ లెక్కలో సన్నాహక దినం, బట్టలు ఉతుక్కుని, సరుకులు తెచ్చుకుని అప్పుడు చేసేవాడు. ఫిలిప్పీన్స్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అమ్మ తెల్లవారకముందే ఫోను ముందు కూర్చునేది.

తమ్ముడు: తుఫాను రోజుల్లో మరీ.

అక్క: ఆ పేరు నేను ఎత్తకూడదనుకున్నాను. అమ్మది దివిసీమ. 1977 ఉప్పెన చూసిన మనిషి. నీకు పిలుపు వచ్చిన రోజు ఎవరో 2013 నాటి యోలాండా తుఫాను సంగతి ఆమెకు చెప్పారు. ఆరు వేల మందికి పైగా పోయారు, సముద్రం ఊళ్ళోకి వచ్చింది అని. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున నీ పెట్టె తనే సర్దింది.

తమ్ముడు: ఆ సంగతి నాతో ఎవరూ అనలేదు.

అక్క: అంటే ఆగిపోతావని.

తమ్ముడు: ఆగేవాణ్ణి కాను. కానీ వారం వారం ఇంకో పది నిమిషాలు మాట్లాడేవాణ్ణి. అక్కడ హెచ్చరిక రాగానే మాకు ఒకటే ఆదేశం: నీళ్ళు, తిండి నిల్వ చేసుకుని గది కదలకూడదు. అమ్మకు అది సరిగ్గా వివరించి ఉంటే కొంత ధైర్యంగా ఉండేది.

అక్క: ఉండేది కాదు. ఉప్పెన చూసినవాళ్ళకు గది మీద నమ్మకం ఉండదు.

తమ్ముడు: నువ్వు అప్పుడు అమ్మ దగ్గరే ఉన్నావు కదా.

అక్క: నేనే ఉన్నాను. అందుకే అంటున్నాను, వెళ్ళినవాళ్ళ కథలో ఇంట్లో ఉండిపోయినవాళ్ళకు కూడా చోటివ్వాలి. నెల్లూరులో రంగయ్య గారి బంధువులకు ఎన్ని వారాలకు ఒక ఉత్తరం అందిందో! ఓడలో రావాలి. అందులో ఉన్న క్షేమం చదివేనాటికే పాతబడి ఉంటుంది.

తమ్ముడు: మళ్ళీ నేటాల్.

అక్క: ఆ మాట పూర్తి కానీ. 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు మనవాళ్ళు. తెలుగు నిలబెట్టుకోవాలన్న ఆరాటం వాళ్ళలో ఎంత ఉందో చూడు. అంతకు ముందే ఆ తోటల్లో తెలుగు ఆరాధనలు జరిగాయి. మన చరిత్ర పాఠాల్లో ఇది ఒక పేరా ఉండాలి. మతం ఏదైనా సరే, ఇది తెలుగువాళ్ళ వలస చరిత్ర.

తమ్ముడు: దానికి నేనూ సంతకం పెడతాను. ఒక ప్రత్యేక ఎపిసోడ్ చేద్దాం. ఇప్పుడు శ్రోతల ప్రశ్నలు, రెండే తీసుకుందాం.

అక్క: మొదటిది, జీతం ఇస్తారా?

తమ్ముడు: ఇవ్వరు. మనం, మన కుటుంబం కూడబెట్టిన డబ్బుతో వెళతాము. సరిపోనివారికి సంఘం సాయం చేస్తుంది. 

అక్క: రెండోది నెల్లూరు పిన్నిగారిది.

తమ్ముడు: అక్కా.

అక్క: పెట్టె సంగతి కాదు! ఆవిడ అడిగింది వేరే. కంపానియన్‌తో పడకపోతే ఏమి చేస్తారు అని.

తమ్ముడు: మాట్లాడుకోవాలి. వారానికి ఒకసారి ఇద్దరూ కూర్చుని ఒకరి పొరపాట్లు ఒకరికి మెల్లగా చెప్పుకునే పద్ధతి ఉంది. పడినా పడకపోయినా ఆరు వారాలకు ఒకసారి బదిలీల సమయం వస్తుంది, కొత్త మనిషి రావచ్చు. నాకు మాత్రం గొడవలన్నీ వంటింట్లోనే వచ్చాయి. బియ్యం ఎవరు కడగాలి, గిన్నెలు ఎవరు తోమాలి. పంపే ముందే నేర్పి ఉంటే...

అక్క: పిల్లల బడి బస్సు వచ్చింది. హారన్ వినిపిస్తోందా?

తమ్ముడు: వినిపిస్తోంది. ఒక్క నిమిషం, గిన్నెల వంతుల సంగతి చెప్పేస్తాను.

అక్క: వాళ్ళు గేటు దగ్గర నిలబడతారు, నేను వెళ్ళాలి. రికార్డింగు ఆపెయ్యి.