జీతం ఆపారా? అప్పిచ్చింది మీరు!

[బల్ల మీద పాత ఎర్ర అట్ట పుస్తకం. ప్రెజెంటర్ దాని మీద చెయ్యి వేసి కూర్చుంటాడు.]

"ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజుల్లో వస్తుంది సర్."

ఉద్యోగం మానేశాక రావాల్సిన చివరి లెక్కనే ఫుల్ అండ్ ఫైనల్ అంటారు. ఈ మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఈ 45 ఎక్కడి నుంచి ఊడిపడిందో అడిగితే హెచ్‌ఆర్‌లో ఎవరూ చెప్పరు. "పాలసీ" అంటారు. మొన్న మా పిన్ని కొడుకు ఇంటికొచ్చాడు. ఉద్యోగం మానేసి రెండు నెలలైంది, చివరి నెల జీతం 38 వేలు ఇంకా పడలేదు. ఫోన్ చేశావా అని అడిగితే, "పదే పదే అడిగితే బాగోదేమో అన్నా, రిలీవింగ్ లెటర్ కూడా వాళ్ళ దగ్గరే ఉంది" అన్నాడు.

బాగోదట! ఈ వీడియో మొత్తం ఆ "బాగోదేమో" గురించే.

[పుస్తకం తెరుస్తాడు. క్లోజప్: పెన్సిల్ రాతలు, కొన్ని పద్దుల మీద అడ్డగీతలు.]

ఇది మా నాన్నది. ఊళ్ళో కిరాణా కొట్టు ఉండేది మాకు. పేజీకి ఒక ఇల్లు. పైన ఇంటిపేరు, కింద పద్దులు. ఉప్పు ప్యాకెట్, అరకిలో చక్కెర, రెండు సబ్బులు, కిరసనాయిలు. బాకీ తీరితే అడ్డంగా ఒక గీత. తీరకపోతే పేజీ అలాగే ఉంటుంది. బాకీ ఎగ్గొట్టే ఆలోచన ఉన్నవాళ్ళని నాన్న పుస్తకం తెరవకుండానే గుర్తుపట్టేవాడు. వాళ్ళు మా కొట్టు ముందు నుంచి నడిచేవాళ్ళు కాదు. చేపల మార్కెట్ వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోయేవాళ్ళు.

ఇప్పుడు ఆ కొట్లో మిమ్మల్ని కూర్చోబెడతాను. మీరు అమ్మే సరుకు మీ పని. మీ ఓనర్ రోజూ వచ్చి ఒక రోజు పని అరువుకి పట్టుకెళ్తాడు. 1వ తారీఖు చేసిన పనికి డబ్బు ఎప్పుడొస్తుంది? వచ్చే నెల 7న. అంటే దాదాపు 37 రోజుల అరువు. వడ్డీ లేదు, ప్రామిసరీ నోటు లేదు, షూరిటీ సంతకం లేదు. ఈ షరతుల మీద మీ ఓనర్‌కి ఏ బ్యాంకైనా అప్పిస్తుందా? మీరిస్తున్నారు, నెలనెలా. మరి బాకీ అడగడానికి మొహమాటపడాల్సింది ఎవరు?

సరే, చట్టానికి వద్దాం. 2019లో పార్లమెంటు వేతనాల కోడ్ చేసింది. జీతాల చెల్లింపు, కనీస వేతనాలు, బోనస్, సమాన వేతనం, ఈ 4 పాత చట్టాలని కలిపి ఒకటి చేశారు. ఆరేళ్ళు అటక మీద పెట్టి, చివరికి 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చారు. ఈ కోడ్ మీద కార్మిక సంఘాలకు చాలా అభ్యంతరాలున్నాయి, వాటిలో కొన్నింటితో నేనూ ఏకీభవిస్తాను. కానీ జీతం ఆపడం విషయంలో మనకు పనికొచ్చే మార్పు ఒకటుంది. 1936 నాటి పాత చట్టం చివరికొచ్చేసరికి నెలకు 24 వేల లోపు జీతగాళ్ళకే పనిచేసేది. మాధాపూర్‌లో కూర్చుని 60 వేలు తీసుకునే అబ్బాయికి ఆ తలుపు మూసే ఉండేది. ఇప్పుడు ఆ పరిమితి లేదు. సూపర్‌వైజర్, మేనేజర్ కూడా ఇందులో ఉద్యోగే.

[స్క్రీన్ మీద: 7వ తారీఖు. 2 పనిదినాలు.]

ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. నెల జీతమైతే వచ్చే నెల 7లోపు పడాలి. రోజు కూలీ అయితే ఆ పూట పని ముగిసేసరికి, వారం కూలీ అయితే వారంలో చివరి పనిరోజున. ఉద్యోగం పోయినా, వాళ్ళు తీసేసినా, మీరే రాజీనామా చేసినా 2 పనిదినాల్లో జీతం లెక్క తేలాలి. రాజీనామాకి కూడా! 45 రోజులు ఎక్కడుంది? ఎక్కడా లేదు. కొట్టు మార్చేవాడు పాత కొట్లో బాకీ కట్టి పోవాలి కదా, ఇదీ అంతే. గ్రాట్యుటీకి, పీఎఫ్‌కి వేరే గడువులున్నాయి. నేను చెప్పేది జీతం సంగతి.

"నోటీస్ పీరియడ్ చేయలేదు కాబట్టి ఆపాం" అంటారు. నోటీసు డబ్బుల మీద కాంట్రాక్టులో ఏముందో అది వేరే వాదన. దాన్ని అడ్డం పెట్టి, చేసిన పని మొత్తాన్ని మింగేయడానికి కుదరదు.

ఇక కోతలు. డిగ్రీ అయ్యాక నేను ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా చేశాను. 8 వేల జీతం. అర గంట ఆలస్యమైతే అర రోజు కోత. ప్రింటు తలకిందులుగా వస్తే ఆ ఫ్లెక్సీ ఖరీదు నా జీతంలోంచే. ఒకసారి పెళ్ళి బ్యానర్‌లో పెళ్ళికొడుకు పేరు తప్పు పడింది. కస్టమర్ రాసిచ్చిన చీటీలోనే తప్పుంది. ఆ చీటీ చూపించినా 1,200 పోయాయి.

కిరాణా భాషలో చెప్తాను. అరువుకి సరుకు తీసుకెళ్ళినవాడు "నీ చక్కెరలో చీమలున్నాయి, అందుకే బియ్యం డబ్బులు కూడా ఇవ్వను" అంటే నాన్న ఒప్పుకునేవాడా? చట్టమూ ఒప్పుకోదు. దేనికి కోయొచ్చో జాబితా ఉంది. ఎంతసేపు పనిలో లేరో అంతసేపటికే కోత, అర గంటకి అర గంటే. వస్తువు పాడైందంటే అది మీకు అప్పగించిందై ఉండాలి, మీ నిర్లక్ష్యం వల్లే పాడై ఉండాలి, కోసే ముందు మీ మాట వినాలి. జరిమానాలు ఎన్ని వేసినా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. నా 8 వేలకి 240 రూపాయలు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. హోటళ్ళలో ప్లేటు పగిలిందని, పెట్రోల్ బంకుల్లో లెక్క తగ్గిందని కోసే డబ్బంతా ఈ గీటురాయి మీద పెట్టి చూడండి.

ఇప్పుడు మేస్త్రీ దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

మీ కొట్టుకి ఓనర్ స్వయంగా రాడు, ఒక కుర్రాణ్ణి పంపిస్తాడు. సరుకు వెళ్తుంది. నెలాఖరున మీరు ఓనర్ ఇంటికెళ్తే, "డబ్బు కుర్రాడికిచ్చేశాను, వాణ్ణే అడుగు" అంటాడు. కుర్రాడు ఊళ్ళో లేడు. బిల్డింగ్ పనుల్లో రోజూ జరిగేది ఇదే కదా. బిల్డర్ కాంట్రాక్టర్ని చూపిస్తాడు, కాంట్రాక్టర్ గుంపు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ ఫోన్ స్విచ్చాఫ్.

1982లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ పెట్టారు. స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టడానికి దేశం నలుమూలల నుంచి కూలీలొచ్చారు. అప్పటి కనీస కూలీ రోజుకి 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ డబ్బు జమాదార్లకిచ్చేవాళ్ళు. జమాదార్లంటే మన గుంపు మేస్త్రీలే. వాళ్ళు మనిషికి రూపాయి కమీషన్ కోసుకుని 8.25 చేతిలో పెట్టేవాళ్ళు. ఆ సంగతి వివరిస్తూ పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రాటిక్ రైట్స్ అనే హక్కుల సంఘం వాళ్ళు సుప్రీంకోర్టు జస్టిస్ భగవతికి ఒక ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని చెప్పింది. పని కాంట్రాక్టర్లకిచ్చేశాం కాబట్టి మాకు సంబంధం లేదని ప్రభుత్వ సంస్థలు తప్పించుకోవడానికీ కుదరదంది. ఆ ఒక్క రూపాయి గురించి వచ్చిన తీర్పిది. పాలమూరు నుంచి ప్రాజెక్టుల పనికి వెళ్ళిన తరాలు మేస్త్రీల చేతుల్లో ఎన్ని రూపాయలు పోగొట్టుకున్నాయో లెక్కెవరు కట్టారు?

ఇప్పటి కోడ్‌లో కూడా అంతే. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ఆ సంస్థ యజమాని ఇవ్వాలి. కుర్రాణ్ణి పంపినవాడే బాకీదారు. అందుకే ఫిర్యాదులో మేస్త్రీ పేరొక్కటే రాయకండి. సైట్ బయట బోర్డు ఉంటుంది, బిల్డర్ పేరు, పర్మిట్ నంబర్ ఉంటాయి. దాని ఫోటో తీసుకోండి.

[కెమెరా వెనక నుంచి: "అన్నా, 10 నిమిషాలైంది."]

తెలుసురా. తొందరగా కానిస్తాను.

రుజువులు. "నా దగ్గర అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, ఏం చేయలేను" అంటారు అందరూ. ఇక్కడ కొట్టు కథ కాస్త తిరగబడుతుంది. నాన్న పుస్తకం నాన్న చేతిలోనే ఉండేది. మీ విషయంలో హాజరు పట్టీ, జీతాల రిజిస్టర్, రెండూ బాకీదారు బీరువాలోనే ఉంటాయి. చట్టానికీ ఆ సంగతి తెలుసు. అందుకే జీతం ఇవ్వలేదని మీరు క్లెయిమ్ వేస్తే, ఇచ్చానని నిరూపించుకోవాల్సిన బాధ్యత యజమానిదే. అక్కడ పనిచేశారని మాత్రం మీరు చూపించాలి. పాత నెలల్లో పడిన ఫోన్‌పే మెసేజ్, ఐడీ కార్డు, గేటు పాసు, "రేపు పొద్దున 6కి స్లాబ్ ఉంది, నలుగురు రండి" అని మేస్త్రీ పెట్టిన వాట్సాప్, ఏదైనా సరే. స్క్రీన్‌షాట్‌లో నంబరూ తారీఖూ కనపడాలి. కంపెనీ గ్రూపులోంచి మిమ్మల్ని తీసేయకముందే తీసుకోండి.

తర్వాత రాతపూర్వకంగా అడగండి. నాలుగు లైన్లు చాలు: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశాను, ఎంత రావాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి. ఈమెయిల్ ఒకటి, స్పీడ్ పోస్ట్ ఒకటి. "దయచేసి కనికరించి" లాంటి మాటలు వద్దు. బాకీ అడిగేటప్పుడు నాన్న ఎవర్నీ కనికరించమనలేదు.

పలకకపోతే లేబర్ ఆఫీసు. పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తితే "ఇది సివిల్ మేటర్, ఇక్కడ కాదు" అని పంపించేస్తారు, మామూలు జీతం బాకీ విషయంలో అది చాలావరకు నిజమే. ఒక్కటి మాత్రం వేరు. మీ జీతంలో పీఎఫ్ అని కోసి మీ ఖాతాలో కట్టకపోతే అది నేరపూరిత నమ్మకద్రోహం కిందికి వస్తుంది. పీఎఫ్ పాస్‌బుక్ ఈ రోజే తెరిచి చూసుకోండి, నెలనెలా పడుతోందో లేదో. బ్యాంకులు, రైల్వేలు, గనుల్లాంటి చోట పనిచేసేవాళ్ళు రాష్ట్ర లేబర్ ఆఫీసుకి కాదు, కేంద్ర లేబర్ కమిషనర్ పరిధిలోని ఆఫీసుకి వెళ్ళాలి.

క్లెయిమ్ మీరే వేయొచ్చు, యూనియన్ వేయొచ్చు, లేబర్ ఇన్‌స్పెక్టర్ కూడా వేయొచ్చు. గడువు 3 ఏళ్ళు. పాత చట్టంలో 12 నెలలే ఉండేది. అధికారి 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని రాశారు. "ప్రయత్నించాలి" అన్న మాట గమనించండి, తారీఖులు పడుతూనే ఉంటాయి, ఓపిక తెచ్చుకోండి. బాకీకి అదనంగా 10 రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. మా తమ్ముడి 38 వేలకి అది 3 లక్షల 80 వేల దాకా వెళ్ళొచ్చు. వస్తుందని కాదు, వేయొచ్చని. అవతలివాళ్ళు రాజీకి దిగొచ్చేది ఆ "వేయొచ్చు" భయంతోనే. ఆర్డర్ వచ్చాక కూడా కట్టకపోతే కలెక్టర్‌కి రికవరీ సర్టిఫికెట్ వెళ్తుంది, భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. జరిమానా మాత్రం మొదటిసారికి 50 వేల లోపే. 30 మంది జీతాలు ఆపినవాడికి 50 వేలంటే టీ ఖర్చు, నాకు మాత్రం నచ్చలేదు.

లాయర్ ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్ళు 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవల హెల్ప్‌లైన్. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు లాయర్ ఉచితం, ఆదాయంతో సంబంధం లేదు.

కంపెనీ దివాలా తీస్తే? కొట్టు బాకీదారు ఊరొదిలి పోయినట్టే, కానీ ఆశ వదలకండి. దివాలా చట్టం కింద పేపర్లో ప్రకటన వస్తుంది, దాంట్లో చెప్పిన గడువులోపు మీ బాకీ క్లెయిమ్ పెట్టాలి. ఆస్తులు అమ్మే దశకొస్తే కార్మికుల చివరి 24 నెలల బాకీలకు తాకట్టు ఉన్న అప్పులతో సమాన స్థానం. మిగతా ఉద్యోగులకు 12 నెలలవి, వాళ్ళ తర్వాతి వరసలో. గల్ఫ్ వాళ్ళ సంగతి వేరే వీడియో చేస్తాను, అక్కడ చట్టాలు వేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే కంపెనీల గురించి కూడా. అప్పు తీసుకున్నవాడే అప్పిచ్చినవాడి దగ్గర తాకట్టు పెట్టించుకోవడం ఏమిటో నాకైతే ఇంతవరకూ అర్థం కాలేదు.

[కెమెరా వెనక నుంచి: "బ్యాటరీ అయిపోతోంది."]

ఒక్క నిమిషం. స్పీడ్ పోస్ట్ చేశాక రసీదు ఇస్తారు కదా, దాన్ని పర్సులో మడిచి పెట్టుకోకండి. ఆ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో మాసిపోతాయి. కౌంటర్ దగ్గరే ఫోటో తీసి, మీ ఇంట్లో వాళ్ళకి కూడా వాట్సాప్ చేసేయండి. మా తమ్ముడు నిన్న పంపాడు నాకు, ఇదిగో...

[ఫోన్ కెమెరాకి చూపిస్తుండగా కట్.]