సిగ్నల్ ఫుల్‌గా ఉన్నా నెట్ ఎందుకు ఆగిపోతుంది?

(స్క్రీన్ మీద: ఫోన్ పైభాగంలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. కింద వీడియో లోడవుతూనే ఉంది.)

గీతలన్నీ ఉన్నాయి, వీడియో మాత్రం కదలట్లేదు. ఫోన్ పాడైందేమోనని టెన్షన్ పడకండి. ముందు ఆ గీతల సంగతి చూద్దాం. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలన్న రూలేమీ లేదు, ఫోన్‌ని బట్టి మారిపోతుంది. అసలు లెక్క డీబీఎంలో, అంటే సిగ్నల్ పవర్‌ని కొలిచే యూనిట్‌లో ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ తెరిస్తే కనిపిస్తుంది.

(స్క్రీన్ మీద: సిగ్నల్ స్ట్రెంగ్త్ -90 డీబీఎం)

ఇదిగో, మైనస్ 90. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. అక్కణ్నుంచి 10 తగ్గిన ప్రతిసారీ పవర్ పదో వంతుకి పడిపోతుంది. అంటే ఈ ఫోన్ అందుకుంటున్నది మిల్లీవాట్‌లో వంద కోట్లో వంతు! అంత చిన్న సిగ్నల్‌తోనే 4జీ కాల్ స్పష్టంగా వినిపిస్తోంది. ఈ ఒక్క లెక్క చాలు, రేడియో ఇంజనీర్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. 4జీలో మైనస్ 80 అంటే బాగున్నట్టు, మైనస్ 110 అంటే బలహీనం. రెండింటికీ తేడా వెయ్యి రెట్లు.

ఇక ఫ్రీక్వెన్సీ. తరంగం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేది, హెర్ట్జ్‌లో కొలుస్తారు. 3,500 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే 5జీ తరంగం పొడవు 9 సెంటీమీటర్లు కూడా ఉండదు. 700 మెగాహెర్ట్జ్‌ది దాదాపు 43. ఫ్రీక్వెన్సీ తక్కువైతే గోడలు దాటి లోపలికి బాగా వస్తుంది. వరండాలో ఉన్న 5జీ లోపలి గదిలో 4జీ అయిపోయేది చాలావరకు ఇందుకే.

మరి పై ఫ్రీక్వెన్సీకి ఎందుకు వెళ్లడం? బ్యాండ్‌విడ్త్ కోసం, అంటే డేటా వెళ్లే దారి వెడల్పు కోసం. 2022లో జరిగిన ఫ్రీక్వెన్సీల వేలంలో జియోకి 700 బ్యాండ్‌లో 10 మెగాహెర్ట్జ్ దక్కితే, 3,300 బ్యాండ్‌లో 100 దక్కింది. స్పీడంతా అక్కడే ఉంది. కాకపోతే దాన్ని ఆ టవర్ పరిధిలో ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. రాత్రి అందరూ ఫోన్లు పట్టుకున్నప్పుడు గీతలు తగ్గవు, మీ వాటా తగ్గుతుంది.

ఇంకొకటి, నాయిస్. పక్క టవర్ కూడా అదే ఫ్రీక్వెన్సీ వాడుతుంటే దాని సిగ్నల్ మీకు రొదే. పెళ్లిలో బ్యాండు పక్కన నిలబడి మాట్లాడినట్టు, ఎంత గట్టిగా అరిచినా ఎదుటివాళ్లకి సగమే అందుతుంది. సిగ్నల్ ఈ రొదకంటే ఎంత పైన ఉందో చెప్పేదే ఎస్ఎన్ఆర్.

(స్క్రీన్ మీద: -80, -115 పక్కపక్కన)

మైనస్ 115 కనిపిస్తే కిటికీ దగ్గరికి వెళ్లి చూడండి, ఫలితం ఉంటుంది. మైనస్ 80 ఉండి కూడా నెట్ కదలకపోతే అది రద్దీయో, రొదో అయ్యుంటుంది. ఒక గంటాగి మళ్లీ ప్రయత్నించండి.